ఆస్ట్రేలియాలో కరెంటు పోయిన శనివారం

నాకు వచ్చిన ఆహ్వానలేఖలో పదకొండు వాక్యాలున్నాయి. వాటిలో నిజమని తేలినవి మూడు: నా పేరు, తేదీలు, శిబిరం జరిగే స్థలం. మిగిలిన ఎనిమిదింటి సంగతి చెప్పడానికే ఈ కాగితాలు ముందు పెట్టుకున్నాను. కర్నూలు నుంచి హైదరాబాదు హైటెక్ సిటీ దాకా పోయి రావడం కూడా ఒక యాత్రేనా అని అడిగేవారు 2011 అక్టోబరు మధ్యలో ఆ దారిన ప్రయాణించినవారు కారు. సకల జనుల సమ్మె మొదలై నెల దాటింది. బస్సులు లేవు. రైళ్లు ఆపుతామన్న ప్రకటన వెలువడింది. బొగ్గు తవ్వకం నిలిచిపోవడంతో కరెంటు ఏ గంటకు పోతుందో చెప్పగలిగే మనిషి లేడు.

ఏటా అక్టోబరు మూడో వారాంతంలో ప్రపంచంలోని స్కౌట్లు రేడియోలో ఒకరినొకరు పలకరించుకుంటారు. అందుకు వారికి లైసెన్సున్న హామ్ రేడియో మనిషి ఒకడు పక్కన ఉండాలి. హామ్ రేడియో అంటే మధ్యలో టెలిఫోను తీగ గానీ ఇంటర్నెట్టు గానీ లేకుండా, సొంత సెట్టుతో, ఎక్కడో ఉన్న మరో మనిషితో మాట్లాడటం. నాకు ఆ లైసెన్సు 1976 నుంచి ఉంది. ఉద్యోగం నీటిపారుదల శాఖలో, నదుల మట్టం కొలిచే విభాగంలో చేశాను. ముప్పై నాలుగేళ్లు అంకెలు రాశాను. వాటిని తప్ప దేనినీ నమ్మే అలవాటు నాకు లేదు.

వంతెన అవతల

శుక్రవారం, అక్టోబరు 14. ఉదయం 6:10కి కర్నూలు బస్టాండు ఎదుట ఒక టవేరా ఎక్కాను. ఊరి చివరి నది వంతెన దాటితే అవతలంతా సమ్మె ప్రాంతమే. ఏడుగురు పట్టే బండిలో మేము పదకొండు మందిమి. మనిషికి అయిదు వందలు. ఇదేం ధర అని అడిగితే షాద్‌నగర్ వాడైన డ్రైవరు తల తిప్పకుండానే జవాబిచ్చాడు.

"ఎక్కేటోళ్లు ఎక్కండ్రి సార్. ఎక్కనోళ్లు నడవండ్రి. రోడ్డు మంచిగనే ఉంది."

నా సామాను మూడు వస్తువులు: ఆరున్నర కిలోల రేడియో సెట్టు, దాని బ్యాటరీ, యాంటెన్నా కోసం 20.1 మీటర్ల రాగితీగ చుట్ట. తీగ పొడవు 20.1 మీటర్లు, దాన్ని కట్టడానికి తొమ్మిది మీటర్ల స్తంభాలు రెండు అవసరమని లేఖకు జవాబులో రాసి, అండర్‌లైన్ కూడా చేశాను.

జడ్చర్ల దగ్గర రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు వెలిగించారు. ఉద్యమకారులు దీన్ని వంటా వార్పూ అంటారు. జాతీయ రహదారి మీదే వండి, అక్కడే తిని, వాహనాలను ఆపడం పద్ధతి. మా బండి 9:20కి ఆగింది. పాతికేళ్ల యువకులు నలుగురు వచ్చి సామాను చూశారు.

"పెట్టెల ఏముంది తాతా?"

"రేడియో."

"గింత పెద్ద రేడియోనా? పాటలొస్తయా?"

"పాటలు రావు. మనుషులు వస్తారు. జపాను నుంచి, రష్యా నుంచి."

"ఢిల్లీ వస్తదా మరి? జర గాళ్లకు మా సంగతి చెప్పు."

"రేడియోలో రాజకీయాలు మాట్లాడటం నిబంధనలకు విరుద్ధం" అన్నాను.

నలుగురూ నవ్వారు. వారిలో గడ్డం ఉన్నవాడు నిజంగానే సందేహంతో అడిగాడు: "రాజకీయం మాట్లాడొద్దంటే ఇగ ఏం మాట్లాడుతరు తాతా?"

"వాతావరణం."

ఆ మాట ఒకరి నుంచి ఒకరికి రోడ్డు చివరిదాకా వెళ్లింది. నవ్వు కూడా దాని వెంటే వెళ్లింది. రెండు గంటల ముప్పై అయిదు నిమిషాలు ఆగాం. నాకు ఒళ్లు మండిపోతోంది. ఇంతలో పొయ్యి దగ్గరి ఆడమనిషి విస్తరి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"పెద్దమనిషివి, తిను. మా రాష్ట్రం మాకు రావాలె గని నీ కడుపు మాడుడెందుకు?"

అన్నం, పచ్చిపులుసు. మా ఇంట్లో పచ్చిపులుసుకు వంకాయ కాల్చాలి. ఇక్కడ ఉల్లిగడ్డ, చింతపండు, నువ్వుల పొడి, అంతే. రెండోసారి వేయించుకున్నాను. నేను కర్నూలు వాణ్ణని ఆమెకు చెప్పాను. "కర్నూలోళ్లకు ఆకలి గాదా?" అంది. ఉద్యమం మీద నా అభిప్రాయం ఈ వ్యాసంలో ఎవరూ వెతకనక్కర లేదు. ఆ రెండు గంటల ముప్పై అయిదు నిమిషాల మీద మాత్రం నాకు కోపం ఉండేది. ఆ మర్నాటి నుంచి దాని అవసరం లేకపోయింది. అంతకన్నా పెద్దది దొరికింది.

రాయదుర్గం గేటు

శిబిరం హైటెక్ సిటీ పక్కన రాయదుర్గంలో, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆవరణలోని పచ్చిక మీద. నిర్వాహకుడు శ్రీకాంత్ ఆ కంపెనీలో మేనేజరు. నంద్యాల వాడు, నా సహోద్యోగి కుమారుడు, వయసు ముప్పై నాలుగు. నాకు ఆ లేఖ రాసింది ఇతడే.

గేటు దగ్గరి కాపలాదారు చేతిలో ఒక ఫారం. అందులో ల్యాప్‌టాప్‌కు ఒక గడి, పెన్‌డ్రైవ్‌కు ఒక గడి ఉన్నాయి. రేడియోకు గడి లేదు.

"ల్యాప్‌టాప్ అని రాస్తా సార్, పోండ్రి లోపలికి."

"ఇది ల్యాప్‌టాప్ కాదు."

"నాకెర్కే సార్. గని గడి లేకపోతే నేనేం జేయాలె?"

ఇరవై అయిదు నిమిషాల తర్వాత ఫారం అడుగున కలంతో గీత గీసి, 'ఇతరములు: రేడియో ఒకటి' అని నేనే రాసి సంతకం చేశాను. కాపలాదారు దాన్ని ఫోనుతో ఫొటో తీసుకున్నాడు. ఎవరికో చూపించి నవ్వుకోవడానికి కావచ్చు. లోపల కాఫీ నలభై రూపాయలు, గేటు బయట బండి మీద టీ ఆరు రూపాయలు. మూడు రోజులూ గేటు బయటే తాగాను.

స్తంభాలు లేవు. శ్రీకాంత్ నవ్వుతూ ఎదురొచ్చాడు.

"అంకుల్, పోల్స్‌కి ఫెసిలిటీస్ వాళ్లు ఒప్పుకోలేదు. వైరు కడితే బిల్డింగ్ లుక్ పోతుందంట. మీరు టెన్షన్ పడొద్దు. మా టీమ్ వేరే సెటప్ చేసింది. మీ బ్యాటరీ ఒక్కటి ఇయ్యండి చాలు."

"యాంటెన్నా లేకుండా ఏం సెటప్ అది?"

"రేపు చూస్తారు గదా అంకుల్."

ఆ సాయంత్రం పిల్లలకు గంటన్నర పాఠం చెప్పాను. మొత్తం ముప్పై రెండు మంది. ఇరవై మంది ఒక ప్రైవేటు పాఠశాల నుంచి వచ్చారు. పన్నెండు మంది దగ్గరలోని ప్రభుత్వ పాఠశాల పిల్లలు, వారిని తెచ్చినది విజయ టీచర్. నేను చెప్పిన ముఖ్యమైన నియమం ఒకటే. మనం మాట్లాడటం సంభాషణ కాదు. అవతలి మనిషి 'అందింది' అనాలి. అది మనం వినాలి. అప్పుడే పుస్తకంలో గడి నింపాలి.

పన్నెండు మంది దళానికి నాయకురాలు మంజుల అనే అమ్మాయి. పదో తరగతి. తండ్రిది పాలమూరు జిల్లా, ఇక్కడ ఒక కట్టడం దగ్గర కాపలా పని. పాఠం ముగిశాక తన స్కౌటు పుస్తకం తెచ్చి చూపించింది. అందులో పద్దెనిమిది అంశాలు, పదిహేడింటికి సంతకాలు. మిగిలిన అంశం 'రేడియోలో ఒక సంభాషణ'. దానికి లైసెన్సుదారు సంతకం కావాలి. ఆదివారం సాయంత్రం ఆరింటికి, శిబిరం ముగింపులో, జిల్లా అధికారి పుస్తకాలు తీసుకువెళతారు. ఆ గడి నిండితే మంజుల రాష్ట్రస్థాయి పరీక్షకు వెళుతుంది. అందులో నెగ్గితే, స్కౌట్ల కోసం కేటాయించే రైల్వే ఉద్యోగాలకు పెద్దయ్యాక దరఖాస్తు పెట్టవచ్చునని తండ్రి ఆశ. వచ్చే ఏడాదికి ఆమె బడిలో ఉండదు.

"మీ సంతకం ఒక్కటే బాకీ సార్" అంది. "మా నాయిన రోజూ అడుగుతుండు, రైలు సంతకం అయ్యిందా అని."

శనివారం, 11:42

ముఖ్య అతిథి పదకొండుంబావుకు వచ్చారు. పేరు రాయను. వారి కంపెనీలో పెద్ద హోదా. వేదిక మీద ఒక సెట్టు పెట్టారు, పక్కన మూరెడు పొడవున్న యాంటెన్నా. కింద నా బ్యాటరీ. శ్రీకాంత్ మైకులో ప్రకటించాడు: ఇప్పుడు మన చిన్నారులు ఆస్ట్రేలియాతో మాట్లాడతారు.

మూరెడు యాంటెన్నాతో ఆస్ట్రేలియా రాదు. అయినా ఊరుకున్నాను. సెట్టు నేను దగ్గరగా చూడలేదు, చూడనిదాని గురించి మాట్లాడను. పిల్లలు వరుసగా వచ్చి పేర్లు చెబుతున్నారు. సెట్టులోంచి స్వచ్ఛమైన, గరగర అన్నదే లేని మగగొంతు ఇంగ్లీషులో ప్రతి పేరునూ మెచ్చుకుంటోంది. ముప్పై అయిదేళ్లలో ఆస్ట్రేలియా నాకు ఒక్కసారి కూడా అంత శుభ్రంగా వినపడలేదు.

పదహారో పిల్లవాడు పేరు చెబుతుండగా కరెంటు పోయింది. గడియారం చూశాను, 11:42. మైకు ఆగింది. వేదిక మీది ఫ్యాన్లు ఆగాయి. ఆస్ట్రేలియా కూడా ఆగింది. మా సెట్టు దీపం మాత్రం వెలుగుతూనే ఉంది, అది నా బ్యాటరీ మీద నడుస్తోంది కనుక. పద్నాలుగు సెకన్లకు జనరేటరు అందుకుంది. ఫ్యాన్లు తిరిగాయి. ఆస్ట్రేలియా, "సారీ, ప్లీజ్ రిపీట్" అంది.

నిశ్శబ్దంలో మంజుల గొంతు పైకే వినిపించింది.

"ఏంది సార్, ఆస్ట్రేలియాల గూడ బొగ్గు బందయిందా?"

పన్నెండు మందీ నవ్వారు. ఇరవై మందిలో సగం మంది నవ్వారు. ముఖ్య అతిథి కూడా, ఏదో ముద్దుమాట అనుకుని, నవ్వారు.

నేను లేచి భవనంలోకి వెళ్లి, గదులు చూసుకుంటూ రెండో అంతస్తు దాకా ఎక్కాను. వంటగది లాంటి చిన్న గదిలో, కాఫీ యంత్రం పక్కన, మరో సెట్టు గోడ ప్లగ్గుకు తగిలించి ఉంది. మెడలో కంపెనీ కార్డు వేసుకున్న కుర్రాడొకడు దాని ముందు కూర్చుని పిల్లల పేర్ల జాబితా చూసి చదువుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఏ ఊరు నాయనా?" అన్నాను.

"భీమవరం అండి" అన్నాడు ఆస్ట్రేలియా.

సంతకం

మధ్యాహ్నం శ్రీకాంత్ ముప్పై రెండు పుస్తకాలు, ఒక ఖరీదైన కలం తెచ్చి నా ముందు పెట్టాడు.

"నేను చేయను."

"అంకుల్, పిల్లలు రేడియోలో మాట్లాడింది నిజమే గదా? సెట్టు నిజమే, గొంతు నిజమే."

"దేశం?"

"అది డెమో అంకుల్. క్లయింట్లకైనా ముందు డెమోనే చూపిస్తాం. గెస్టు టైమ్ పన్నెండింటి దాకే. నిజం ఆస్ట్రేలియా ఆ టైముకి రాకపోతే ఏం చేయాలి? చిన్న విషయానికి ఇంత సీరియస్ అయితే ఎట్ల?"

ఆ ప్రశ్నకు అక్కడ చెప్పిన జవాబే ఇక్కడ రాస్తున్నాను. 2009 అక్టోబరులో కర్నూలు మునిగినప్పుడు ఫోన్లు పని చేయలేదు. నా మేడ మీది సెట్టు మీదుగా సందేశాలు వెళ్లాయి. ఎవరి మేడ మీద గర్భిణి ఉంది, ఎవరికి ఇన్సులిన్ కావాలి, ఇలాంటివి. అవతలి నుంచి 'అందింది' అన్న మాట విన్నాకే ఒక్కొక్క గడి నింపాను. వినకుండా నింపితే పడవ ఆ మేడకు వెళ్లదు. నాది అయిపోయిందని నేను తరువాతి పేరు చదువుతాను. ఆ మేడ మీదివారు పడవ కోసం చూస్తూ ఉంటారు. అందువల్ల ఇది చిన్న విషయం కాదు. పిల్లలకు నేర్పడానికి వచ్చింది ఈ ఒక్క గడినే.

శ్రీకాంత్ విన్నాడు. పుస్తకాలు తీసుకుని వెళ్లాడు. గంటలోపే ఇరవై పుస్తకాలలో ముఖ్య అతిథి సంతకం పడింది. ఆయనకు లైసెన్సు లేదు. సంతకం కింద హోదా మాత్రం రెండు వరుసలలో ఉంది.

మిగిలిన పన్నెండింటికీ అదే సంతకం చేయిస్తామన్నారు. మేడ మీద చూసింది అప్పటికే నేను ఆ పన్నెండు మందికీ చెప్పేశాను. విజయ టీచర్ పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని పిల్లలను అడిగింది. "ఏమంటరు? తీస్కుందమా?"

పిల్లలు మంజుల వైపు చూశారు. మంజుల కాసేపు గడ్డి పీకింది.

"భీమవరపాయన అని తెల్సినంక ఎట్ల తీస్కుంటం టీచర్? పుస్తకంల ఆస్ట్రేలియా అని రాసుడు, ఆడ ఆయన చాయ మిషిను పక్కన కూసునుడు. రేపు పరీక్షల అడిగితే నవ్వొస్తది నాకు." తరువాత నా వైపు తిరిగింది. "మీకు అసలుది వస్తది గదా సార్?"

వస్తుందన్నాను. ఒక్క అంకె కూడా చూసుకోకుండా చెప్పిన మాట అది.

బాలయ్య కాపలా కాసే చోట

ఆదివారం ఉదయం చూస్తే నా బ్యాటరీ చచ్చిపోయి ఉంది. ముందు రాత్రి ఛార్జింగుకు పెట్టాను. ఎవరో దాని ప్లగ్గు పీకి తమ ఫోను పెట్టుకున్నారు. నేను అక్కడికి వెళ్లేసరికి ఫోను కూడా లేదు, ఛార్జరు మాత్రం వేలాడుతోంది. పది గంటలకు కరెంటు పోయింది. జనరేటరు లైను భవనాలకే, గుడారాలకు కాదన్నారు. తీగ కట్టడానికి రెండు చెట్ల కోసం అనుమతి అడిగాను. ఈ-మెయిలు పంపమన్నారు. సోమవారం చూస్తామన్నారు.

ఒంటిగంటకు మంజుల వచ్చింది.

"సార్, మా నాయిన కావలుండే కాడ కట్టెలున్నయి, పొడుగుయి. సమ్మె ఉందని పని బందువెట్టిండ్రు. ట్రాక్టరు గూడ ఉంది. దాంట్ల బ్యాటరీ ఉంటది గదా?"

నా అనుమతి పత్రం తీసి చదివాను. సెట్టు వాడదగిన స్థలం 'రాయదుర్గం, పరిసరాలు' అని ఉంది. పరిసరాలు అన్న మాటకు కొలత లేదు. అలాంటి మాటలను ఉద్యోగంలో ఎన్నో నివేదికల నుంచి కొట్టివేశాను. ఆ రోజు దాన్ని వాడుకున్నాను. విజయ టీచర్ పన్నెండు మందినీ వరుసలో నడిపించింది. గేటు దగ్గరి కాపలాదారు ఫారం తీసి, తన చేత్తోనే, 'ఇతరములు: రేడియో ఒకటి, బయటికి' అని రాసి ఇచ్చాడు.

నడక ముప్పై రెండు నిమిషాలు. ఇరుపక్కలా అద్దాల భవనాలు, వాటి మధ్య ఇంకా పగలని పెద్ద పెద్ద బండలు. సగం లేచి ఆగిన ఒక కట్టడం. ఇనుప చువ్వల మీద గుడ్డలు ఆరేసి ఉన్నాయి. మంజుల తండ్రి బాలయ్య స్టూలు మీద నుంచి లేచాడు. ఎత్తుగా, సన్నగా ఉన్నాడు.

"బిల్డరు సారుకు తెల్వదు" అన్నాడు. "తెల్వక ముందే అయిపోవాలె. ఏం గావాలె మీకు?"

సర్వి కట్టెలు నాలుగు, ఒక్కొక్కటి అయిదున్నర మీటర్లు. రెండేసి కలిపి కడితే తొమ్మిది మీటర్లు దాటతాయి. ఆ పని నాకు రాదు. స్కౌట్లకు వచ్చు. జెండా కర్ర కట్టే ముడి అదే. పన్నెండు మంది ఇరవై నిమిషాలలో రెండు స్తంభాలు కట్టి బండల మీద నిలబెట్టారు. ముడి బిగించేటప్పుడు ఎవరైనా వదులుగా లాగితే మంజుల ఊరుకోలేదు. "పెండ్లి పందిరా అది? గట్టిగ లాగు" అంది. 20.1 మీటర్ల తీగ పైకి లేచినప్పుడు బాలయ్య తలెత్తి చూశాడు.

"గింతేనా? గీ సన్నటి తీగెకా మీరు మూడొద్దుల సంది పరేషాన్ అయితుండ్రు?"

ట్రాక్టరు నీళ్ల ట్యాంకరు లాగేది. సమ్మె మొదలైన నాటి నుంచి కదల్లేదట. బ్యాటరీ కొలిచాను. 11.9 వోల్టులు. మంచిది కాదు, పనికిరానిదీ కాదు.

4:20కి పిలుపు మొదలుపెట్టాను. పదకొండు నిమిషాలు గరగర తప్ప ఏమీ లేదు. పిల్లలు బండల మీద కూర్చుని సెట్టునే చూస్తున్నారు. 4:31కి, చాలా లోతునుంచి, ఒక గొంతు నా లైసెన్సు సంకేతం పలికింది. శ్రీకాకుళం జిల్లా టెక్కలి. రేడియోలు బాగుచేసే దుకాణదారు. ఆస్ట్రేలియాతో పోలిస్తే ఆ గొంతు బావిలో మాట్లాడినట్టుంది. ఒక మాట వినపడితే ఒక మాట మునిగిపోతుంది. ప్రభుత్వ పాఠశాల పిల్లలు ఊపిరి బిగబట్టి విన్నారు. మొదటి అబ్బాయి పేరు చెప్పి బటను వదిలాడు. గరగర మధ్యలోంచి జవాబు వచ్చింది.

"అందింది నాయనా, బానే అందింది. ఇక్కడ జీడితోటలమ్మా, మీ దగ్గర ఏటున్నాయి?"

"బిల్డింగులున్నయి సార్" అన్నాడు వాడు.

ఒకరి తరువాత ఒకరు. ఒక్కొక్కరికి ఇంచుమించు రెండు నిమిషాలు. ఒక్కొక్కరికీ 'అందింది' అన్న మాట వచ్చాకే గడి నింపాను. 4:40కి మీటరు 11.2 చూపించింది. ఆ అంకె చూశాను, పుస్తకంలో రాశాను కూడా. ఇంకా ఆరుగురు ఉన్నారు. దళ నాయకురాలు అన్నింటిలోనూ చివర. భోజనమైనా, నీళ్లయినా, మాటయినా. అది స్కౌట్ల ఆచారం. మంజుల ఒక స్తంభానికి కట్టిన తాడు పట్టుకుని నిలబడి ఉంది. మంచి ఆచారం అనుకున్నాను. వరుస మార్చమని అనలేదు.

4:52కి తాడు తండ్రికి ఇచ్చి వచ్చి కూర్చుంది. అవతలి ఆయన ముందుగానే అడిగాడు.

"ఏటి పాపా, ఆ వైపేవో గొడవలంట గదా, అందరూ బాగున్నారేటి?"

నేను చెయ్యి ఎత్తబోయాను. ఆమె నన్ను చూడనే లేదు.

"నా పేరు మంజుల సార్. గొడవల సంగతి రేడియోల మాట్లాడొద్దంట. ఈడ ఎండ మంచిగుంది. నా మాట మీకు వినొచ్చిందా?"

బటను వదిలింది. సెట్టు దీపం ఎర్రబడి, ఆరిపోయింది.

మళ్లీ తగిలించాను. తీగ చివరలు రుద్దాను. పది నిమిషాలు ఆగి చూశాను. 9.6 వోల్టులు. సెట్టు లేవలేదు.

"మంజులా, ఆయన అందింది అన్నట్టు నీకు వినబడిందా?"

ఆమె సెట్టు వైపు చూసింది. తండ్రి వైపు చూసింది. అవునంటే నేను సంతకం చేసేవాణ్ణి. అది ఆమెకూ తెలుసు.

"వినబళ్లే సార్. విన్నడో లేదో తెల్వదు."

పదకొండు పుస్తకాలలో సంతకం చేశాను. పన్నెండోదాన్ని మూసి ఆమె చేతికిచ్చాను. బాలయ్య ఇంకా తాడు పట్టుకునే ఉన్నాడు.

"సార్, నా బిడ్డ మాట్లాడింది నేనిన్న."

"నువ్వు విన్నావు బాలయ్యా. ఆయన విన్నట్టు రుజువు లేదు."

"రుజువా" అన్నాడు. తాడు వదిలి, కట్టెలు దించడం మొదలుపెట్టాడు. "మీ లెక్కలు మీరు జూస్కోండ్రి సార్. కట్టెలు మాత్రం ఉన్న కాడ పెట్టిపోండ్రి. రేపు బిల్డరు లెక్కవెడ్తడు."

సాయంత్రం ఆరింటికి ముప్పై ఒక్క పుస్తకాలు జిల్లా అధికారి సంచిలోకి వెళ్లాయి. ముఖ్య అతిథి సంతకం ఇంకా దొరుకుతుందని శ్రీకాంత్ మంజులతో రెండుసార్లు చెప్పాడు. వద్దంది. మూడోసారి విజయ టీచరే చెప్పి చూసింది. "ఊకోండ్రి టీచర్" అంది మంజుల. పుస్తకం సంచిలో పెట్టుకుని, తన దళాన్ని వరుసలో నిలబెట్టింది.

టెక్కలి కార్డు

హామ్‌లలో మరో ఆచారం ఉంది. సంభాషణ జరిగిందని ఒకరికొకరు తపాలాలో కార్డు పంపుకుంటారు. సమ్మె ముగిసిన నాలుగు రోజులకు, అక్టోబరు 28, శుక్రవారం, టెక్కలి నుంచి కవరు వచ్చింది. అందులో పన్నెండు కార్డులున్నాయి. పన్నెండోదాని మీద నీలిసిరాతో ఇలా ఉంది: మంజుల గారికి. సమయం, ప్రపంచ కాలమానంలో 11:22. అంటే మన గడియారంలో 4:52. కింద ఒక వాక్యం: 'మీ దగ్గర ఎండ అన్నారు, మా దగ్గర వాన. అందింది అని నాలుగుసార్లు చెప్పాను, మీ నుంచి జవాబు లేదు.'

నాలుగుసార్లు. ఆయన అంటూనే ఉన్నాడు, నా దగ్గర సెట్టు ఆరిపోయి ఉంది.

నియమం తీసి మళ్లీ చదివాను. దాని ప్రకారం నేను చేసింది సరైనదే. అందులో తప్పు పట్టడానికి అక్షరం దొరకదు. కానీ 4:40 గడిలో నా దస్తూరీతోనే 11.2 అని, అంటే బ్యాటరీ అయిపోవచ్చిందని, ఉంది. జీవితమంతా అంకెలనే నమ్మిన మనిషి, తన చేత్తో రాసిన అంకె చెప్పింది వినలేదు. అప్పుడే ఆ అమ్మాయిని పిలిచి కూర్చోబెట్టి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన అవసరం వచ్చేది కాదు. శ్రీకాంత్ మీద, ఈ-మెయిలు అడిగినవారి మీద, ప్లగ్గు పీకినవాడి మీద నాకున్న కోపం ఇంచు కూడా తగ్గలేదు. జాబితాలో నా పేరు చేర్చాను, అంతే.

కార్డు నకలుతో జిల్లా కార్యాలయానికి రిజిస్టర్డు లేఖ పంపాను. అసలు కార్డు బడి చిరునామాకు, మంజుల పేర పంపాను. పన్నెండు రోజుల తరువాత విజయ టీచర్ ఫోను చేసింది.

"జాబితా పైకి పోయిందంట సార్. ఇగ పేరు ఎక్కదంట. నేను ఆఫీసుకు మూడుసార్లు తిరిగిన. కార్డు నకలు చూపిస్తే, మంచిగుందమ్మా, ఫ్రేము కట్టించుకో అన్నడు ఆడున్నాయన."

"అమ్మాయి ఏమంది?"

"ఉండుండ్రి, ఇస్తున్న."

ఫోను చేతులు మారింది. తరువాత మంజుల గొంతు.

"కార్డు వచ్చింది సార్. నాలుగుసార్లు చెప్పిండంట గదా ఆయన."

"చెప్పాడు. నీ మాట అందింది. తప్పు నాది. నిన్ను ముందు మాట్లాడించవలసింది."

"నాయిన గూడ గదే అన్నడు. వచ్చేసారి బ్యాటరీ మీరే మంచిది తెచ్చుకోండ్రి సార్. కార్డు మాత్రం నేనుంచుకుంట. అసలుది గదా."

లైసెన్సు పరీక్ష దరఖాస్తు, పాత ప్రశ్నల కట్ట ఆమెకు పంపాను. అందుకు బడి అక్కర లేదు, జిల్లా అధికారి అక్కర లేదు. రాస్తుందో లేదో తెలియదు. తెలిశాకే చెబుతాను.

శిబిరం విజయవంతమైందని కంపెనీ నుంచి నాకొక కృతజ్ఞతాపత్రం వచ్చింది. తొమ్మిది వాక్యాలు. ఆ ఇరవై మందికీ ధ్రువపత్రాలు అందాయని అందులో ఉంది. ఇది మాత్రం నిజమేనని విజయ టీచర్‌ను అడిగి నిర్ధారించుకున్నాను. ఈ రోజు నవంబరు 20. నా తపాలా పెట్టె రోజూ చూస్తున్నాను. ఆస్ట్రేలియా నుంచి ఇంతవరకు ఒక్క కార్డూ రాలేదు.